ఆవిష్కర్త... రిక్షా కార్మికుడు!

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పుస్తకావిష్కరణ అంటే ఎలా ఉంటుందో తెలిసిందేగా! వేదిక నిండా పెద్దలు, శాలువాలు, పూలదండలు, రంగుకాగితం చుట్టిన పుస్తకాలు. 1965 మే 6న ఇదే నగరంలో జరిగిన ఓ ఆవిష్కరణ తీరే వేరు. ముహూర్తం అర్ధరాత్రి. ముఖ్యఅతిథి నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు. పుస్తకం 'దిగంబర కవులు'.

నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న... అన్నీ పెట్టుకున్న పేర్లే. అంతటితో ఆగారా? రుతువులకూ వారాలకూ కూడా కొత్త పేర్లు పెట్టేశారు! రెండో సంపుటిని 1966లో విజయవాడలో హోటల్ క్లీనర్ జంగాల చిట్టి ఆవిష్కరించాడు. మూడోది 1968లో, విశాఖలో ఓ యాచకురాలి చేతుల మీదుగా వెలువడింది. బూతులన్నారు, పిచ్చన్నారు. అలా తిట్టినవాళ్లూ చదివారు. ఆడవాళ్ల ప్రస్తావన వచ్చినచోట కొన్ని మాటలు ఇవాళ చదివితే ఇబ్బందే, అది వేరే సంగతి.

మొదటి సంపుటి వచ్చిన పదకొండేళ్లకు లండన్‌లో మార్క్ పెర్రీ అనే బ్యాంకు గుమాస్తా 'స్నిఫిన్ గ్లూ' అనే పత్రిక మొదలుపెట్టాడు. పంక్ సంగీతం మీద ఇష్టంతో తనే టైపు చేసి, స్కెచ్‌పెన్నుతో శీర్షికలు రాసి, జిరాక్స్ తీసి, పిన్నులు కొట్టాడు. ఇలాంటి సొంత పత్రికలనే 'జీన్' అంటారు. ఏడాది దాటగానే ఆపేశాడు. ఆ కాగితాలనే ఇప్పుడు అపురూపంగా దాచుకుంటున్నారు. ఎవరి అనుమతీ అడగకుండా, అచ్చుతప్పులతో సహా తెచ్చిన పుస్తకం చేతిలో ఉంటే ఆ కిక్కే వేరు మరి!

కానీ మన దగ్గర ఆ సరదాకు ఖరీదు ఎక్కువ పడింది. 1970లో విరసంలో చేరిన దిగంబరుల్లో నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజులను మరుసటి ఏడాదే ముందస్తు నిర్బంధ చట్టం కింద జైల్లో పెట్టారు. బడిపంతులైన చెరబండరాజు ఆ తర్వాత పాటలవైపు మళ్లాడు. మళ్లీ కేసులు, మళ్లీ జైలు. 1982లో క్యాన్సర్‌తో కన్నుమూశాడు. పాశ్చాత్య దేశాల్లో 'అండర్‌గ్రౌండ్ సంగీతం' అన్నది ఒక పేరు మాత్రమే. ఇక్కడ జననాట్యమండలి గాయకుడు గద్దర్ నిజంగానే అజ్ఞాతంలోకి వెళ్లాడు. 1985లో మాయమైన మనిషి 1990లోగానీ జనం ముందుకు రాలేదు. పాట మాత్రం ఆగలేదు.

ఇప్పుడు నారాయణగూడ దాటి అశోక్‌నగర్ వైపు వెళ్లండి. ఏ జిరాక్స్ షాపు చూసినా స్పైరల్ బైండింగ్ చేసిన పోటీపరీక్షల మెటీరియలే. సిటీ సెంట్రల్ లైబ్రరీలోనూ అవే పుస్తకాలు ముందేసుకున్న కుర్రాళ్లు. వాళ్లలో తెలుగు సాహిత్యం తీసుకున్నవాళ్లను అడిగితే టక్కున చెబుతారు. దిగంబర కవుల మొదటి సంపుటిని ఆవిష్కరించినదెవరు? జవాబు: నాంపల్లి పాండు. ఒక మార్కు.