గుడ్డికొంగ, గోడనాచు

మా యాపలదిన్ని రాయచూరు జిల్లాలోనిది. జిల్లాకు ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర పారుతున్నా వానలకు మొగంవాచిన సీమ. 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలో ఉండినది. కన్నడిగులు బేవు అనే చెట్టును మేము నేటికీ యాప అనే అంటాము.

గత మాఘమాసంలో మా అన్నగారిని పట్నానికి తీసుకొని రావలెనని ఊరికి పోయినాను. పెరటిగోడ అవతల ఎండిపోతున్న నీటిగుంటలో ఒక గుడ్డికొంగ నిలిచివుంది. దానికి చూపు లేదనుకొనేరు! మనిషి దగ్గరకు వచ్చినా కదలదు గనుక ఆ పేరు. బురదరంగులో కలిసిపోయి చేపకో కప్పకో కాచుకొంటుంది. ఎగిరితే మాత్రం రెక్కలు పాలవలె తెల్లన. దక్కను పక్షులను పరిశీలించిన సైక్స్ దొర 1832లో దీనిని శాస్త్రలోకానికి తెలియజేసినాడు.

ఇక పెరటిగోడ మీద వెండిపొడి చల్లినట్లున్న నాచు. గుంటలో తేలే నాచు వేరు, ఇది వేరు. శాస్త్రజ్ఞులు దీనిని బ్రయం అర్జెంటియం అంటారు. లాటిన్‌లో అర్జెంటం అంటే వెండి. హెడ్విగ్ అనే వైద్యుని గ్రంథంలో, ఆయన గతించిన తరువాత 1801లో, ఈ పేరు అచ్చయినది. ఆకుల కొనలలో పచ్చదనం ఉండదు గనుక ఆ వెండి మెరుపు. దీనికి వేళ్లు లేవు. సన్నని నూలుపోగుల వంటివాటితో గోడను పట్టుకొని, నీటిని ఆకులతోనే పీల్చుకొంటుంది. నీరు లేకుంటే ఎండి ఊరుకుంటుంది, చావదు.

గుంట ఎండితే కొంగ మరొక నీటిని వెతుక్కుంటూ పోతుంది. నాచు ఉన్నచోటనే ఉండి నీరు వచ్చేదాకా ఓర్చుకొంటుంది. అయినా నీరు లేనిదే రెంటికీ సంతతి లేదు. కొంగ పిల్లలకు గుంటలోని తిండి కావలె. నాచు బీజకణం నీటిపొరలో ఈదిపోయి అండాన్ని చేరవలె.

నేను ప్రయాణం మాట ఎత్తగానే అన్నగారు చెంబెడు నీళ్లు గోడ మీద చిమ్మినారు. “చూడు తమ్మీ” అన్నారు. కొద్దిసేపటికే వెండిరంగు పోయి పచ్చదనం తేలినది. నేను మరల ఆ మాట ఎత్తలేదు.

తిరుగు ప్రయాణంలో తోచిన ఒక్క మనవి. స్వగ్రామాలలో స్థలాలున్న సోదరులారా, వాననీరు నిలిచే గుంటలను పూడ్చకండి. పోయినవారు తిరిగి వచ్చినా, ఉన్నవారు ఉండిపోయినా, ఆ నీరే కదా ఆధారం!