కర్త లేని వాక్యము

గత వర్షకాలమున ఒకనాడు కశింకోటలోని మా యింట ఇంటర్నెట్టు ఆగిపోయినది. పొరుగింటి కుర్రవాడు ఉద్యోగ పరీక్షకు దరఖాస్తు పంపవలసిన గడువు మరునాటి సాయంకాలముతో ముగియనుండుటచేత, అతని ఆందోళన చూడలేక నేనే ఇంటర్నెట్టు సంస్థ సహాయకేంద్రమునకు ఫోను చేసితిని. చాలసేపు సంగీతమును, నడుమనడుమ 'మీ కాల్ మాకెంతో ముఖ్యం' అను మాటను విన్న పిదప ఒక అమ్మాయి గొంతు వినవచ్చినది: "మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం సర్. మీ సమస్య సంబంధిత విభాగానికి తెలియజేయబడింది. వీలైనంత త్వరలో పరిష్కరించబడుతుంది." తెలియజేసిన వారెవరు, ఆ విభాగమెచ్చట నున్నది, త్వరలో అనగా ఎన్ని గంటలు అని ముమ్మారు అడిగితిని, ముమ్మారును అవే వాక్యములు వచ్చినవి.

సాయంకాలము జాతీయ రహదారి ప్రక్కన గోతిలో దిగి పనిచేయుచున్న లైనుమనిషి కనబడినాడు. అతని చేతిలో వెంట్రుకవలె సన్నని గాజుపోగులు మెరయుచుండెను. "మేస్టారూ, కాలవ కోసం తవ్వీసినారండి, కేబులు తెగిపోనాది. రేపు పదింటికల్లా అతికీస్తాం" అన్నాడు. కారణము, కాలము, చేయువాడు, మూడును ఆ రెండు ముక్కలలోనే యున్నవి.

ఇది గ్రాంథిక వ్యావహారికముల తగవు కాదు. గ్రాంథికము నాకు ప్రాణము. నా తగవు 'తెలియజేయబడింది', 'పరిష్కరించబడుతుంది' అను కర్మణి ప్రయోగముతోనే; అది తెలుగు పలుకుబడికి పరాయిది. 'రాముడు రావణుని చంపెను' అనుటయే మనకు సహజము. 'రామునిచేత రావణుడు చంపబడెను' అనుట బడిలో వాక్యము మార్చి వ్రాయుటకే. అందైనను 'రామునిచేత' అని కర్త నిలిచియే యుండును. సహాయకేంద్రపు వాక్యమునందు ఆ 'చేత' కూడ ఎగిరిపోయినది. పోగా మిగిలినది క్రియ యొక్కటే. దానిని పట్టుకొని ఎవరి నడుగుదుము?

ఆ అమ్మాయిపై నాకు కోపము లేదు. ఇట్టి కొలువులలో ఏమి చెప్పవలెనో ముందుగనే వ్రాసి తెరపై నుంతురు. ఒక్కొక్క పిలుపునకు ఎన్ని నిమిషములు పట్టెనో లెక్కింతురు. తెగిన తీగ ఎచ్చట నున్నదో ఆమెకు తెలియదు. గంట చెప్పినచో సంస్థ దానికి కట్టుబడవలసి వచ్చును గనుక, ఏ గంటకును కట్టుబడని 'త్వరలో' అను మాటను ఆమె నోట పెట్టిరి. క్షమాపణయు అట్టిదే: అసౌకర్యమునకు చింతింతురు గాని, దానిని కలిగించినది తామని యొప్పుకొనరు.

అయినను వినియోగదారుడు నిస్సహాయుడు కాడు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2012లో చేసిన నిబంధనల ప్రకారము సేవ నందించు సంస్థ ప్రతి ఫిర్యాదునకును డాకెట్ నంబరు, అనగా ఫిర్యాదు గుర్తింపు సంఖ్య, ఇయ్యవలెను. ఎన్నడు నమోదయ్యెనో, ఎంత గడువులో తీరునో సందేశము పంపవలెను. తీరనిచో ఆ సేవాసంస్థలోని అప్పీలు అధికారికి రుసుము లేకుండ విన్నవించుకొనవచ్చును. జాతీయ వినియోగదారుల సహాయవాణి సంఖ్య 1915. కావున ఫోను పెట్టివేయకమునుపే నంబరును, గడువును అడిగి కాగితముపై వ్రాసికొనుడు.

మరునాడు పదిన్నరకు ఇంటర్నెట్టు వచ్చినది. కుర్రవాని దరఖాస్తు వెళ్లినది. మధ్యాహ్నము నా ఫోనునకు సందేశము చేరినది: 'మీ ఫిర్యాదు పరిష్కరించబడినది.' మోకాలిలోతు బురదలో నిలిచి ఆ గాజుపోగుల నతికినవానికి ఆ వాక్యములోనైనను చోటు దొరకలేదు.