గోంగూర మడిలో గెంతే సాలీళ్ళు



మైపాడు వైపు నుండి ఉప్పుగాలి కొట్టే మన హాస్టలు వెనుక, ఇసుక నేలలో పెంట ఎరువు కలిపి, పదవ తరగతి తమ్ముళ్ళు మడులు కట్టి గోంగూర, వంగ, బంతి వేసిన సంగతి అందరికీ తెలిసినదే. సెలవుల్లో మేము వచ్చేసరికి ఆ మడుల దగ్గర పెద్ద గొడవగా ఉంది. ఆకుల మీద సాలెపురుగులు గెంతుతున్నాయట, ఒకటి ఒక తమ్ముడి చేతి మీదికి దూకిందట. మందు కొట్టాలని అప్పటికే నిర్ణయం జరిగిపోయింది. వంట చేసే అక్క కూడా "అబ్బయ్యా, అది పాకితే పొక్కులు లేస్తాయి" అన్నది. మేము జంతుశాస్త్రం పి.జి. చదువుతున్నాము కనుక ఒక్కరోజు గడువు అడిగాము.

ఇవి గూడు అల్లి ఈగ కోసం కాచుకుని కూర్చునే రకం కాదు. పట్టపగలు పిల్లిలాగ నక్కి నక్కి వెళ్ళి ఒక్క గెంతులో పట్టుకుంటాయి. శాస్త్రంలో వీటి కుటుంబం పేరు సాల్టిసిడే. 6,000కు పైగా జాతులున్నాయి, సాలీళ్ళలో ఇంతకంటే పెద్ద కుటుంబం లేదు. మన మడిలో నల్లటి ఒంటి మీద తెల్లచారలతో కనిపించినది ప్లెక్సిపస్ పేకుల్లి అనే జాతిలో మగది. గోధుమరంగుది ఆడది. వేడి దేశాలలో ఇళ్ళ గోడల మీద కూడా ఇది తిరుగుతుంది.

దీనికి ఎనిమిది కళ్ళు. ముందున్న రెండూ టార్చిలైటు అద్దాల్లా పెద్దవి. ఆ అద్దాలు కదలవు, వాటి వెనుక గొట్టాల చివరనున్న చూపుతెర మాత్రం అటూ ఇటూ కదులుతుంది. పక్క కళ్ళకు ఏదైనా కదలిక తగిలితే వెంటనే ఒళ్ళంతా తిప్పి పెద్ద కళ్ళతో చూస్తుంది. మన ముఖంలోకి చూస్తున్నదని భయపడ్డారు కదా, అది నిజంగానే చూస్తున్నది!

గెంతే పద్ధతి ఇంకా వింత. సాలీడు కాళ్ళలో ముఖ్యమైన కీళ్ళ దగ్గర ముడిచే కండరాలు ఉన్నాయి కాని చాచే కండరాలు లేవు. ట్రాక్టరు ట్రక్కును నూనె ఒత్తిడి ఎత్తినట్లే, ఇది ఒంట్లోని ద్రవాన్ని వెనుక కాళ్ళలోకి ఒక్కసారిగా నెట్టి ఎగురుతుంది. ఎగిరే ముందు ఆకుకు ఒక దారం అంటిస్తుంది. గురి తప్పితే ఆ దారం పట్టుకుని తిరిగి పైకి వస్తుంది.

ఇక పొక్కుల సంగతి. మా అమ్మ కూడా ఈ మాటే అంటుంది, మేమూ కాలేజీకి వెళ్ళేదాకా నమ్మాము. సాలీడు పాకినందువల్ల పొక్కులు రావు. వానాకాలం రాత్రి దీపాలకు వచ్చే, నలుపు నారింజ పట్టీలున్న, చీమలాంటి చిన్న పురుగు ఒకటుంది. అది ఒంటి మీద నలిగితే దాని రసానికి చర్మం కాలినట్లు పొక్కుతుంది. నడుము చుట్టూ వచ్చే సర్పి అయితే చిన్నప్పుడు ఆటలమ్మను తెచ్చిన వైరస్ పనే. గెంతే సాలీడుకు విషం లేదని అనము. అది ఈగకు, దోమకు చాలినంత. గట్టిగా నొక్కితే కరవవచ్చు, కాస్త మంట పుట్టి పోతుంది. చదువుకున్న వాళ్ళు మాత్రం భయపడరా? ఫ్లోరిడాలో టెలమోనియా అనే గెంతే సాలీడు మరుగుదొడ్లలో దాగి మనుషులను చంపుతున్నదని 2002లో ఈ-మెయిళ్ళు పాకాయి. అంతా అబద్ధం!

మందు వద్దనడానికి మాకు ఇంకొక కారణం ఉంది. మా నాయన కూలికి ఊళ్ళో వరి చేలకు మందు కొట్టేవాడు. ఎండ్రిన్‌ను 1990లో నిషేధించినా, ఆయన నోట ఇప్పటికీ ఏ మందైనా "ఎండ్రినే". సాయంత్రం కళ్ళు ఎర్రబడి, వాంతులతో ఇంటికి వచ్చేవాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది మేమే మొదట. వరిలో సుడిదోమను తినేది సాలీళ్ళేనని, విచక్షణ లేకుండా మందు కొడితే సాలీళ్ళు చచ్చి దోమ మళ్ళీ విజృంభిస్తుందని తరగతిలో విన్నరోజు మాకు నాయనే గుర్తుకు వచ్చాడు.

అలాగని సాలీడే అన్నీ చూసుకుంటుందని కాదు. వంకాయ లోపల దూరిన పురుగును ఇది ఏమీ చేయలేదు, పుచ్చుకాయలను మీరే ఏరి దూరంగా పారవేయాలి.

మరుసటి రోజు మందు డబ్బా కొట్టుకు తిరిగి వెళ్ళింది. మూడవ మడిలో ఒక గోంగూర ఆకు మడతలో తెల్లటి పట్టు సంచి, అందులో గుడ్లను కాచుకుని తల్లి సాలీడు కనిపించాయి. తమ్ముళ్ళు ఆ మొక్కకు ఎర్రగుడ్డ కట్టారు. పప్పులోకి గోంగూర కోసేటప్పుడు వంట అక్క ఆ ఒక్క మొక్కను వదిలేసింది.