స్వేచ్ఛా సాఫ్టువేరు ప్యాకేజీల నిర్వహణ, విడుదల

స్వేచ్ఛా సాఫ్టువేరు ప్యాకేజీ నిర్వహణ అనగా ఒక స్వేచ్ఛా సాఫ్టువేరులోని దోషాలను సరిదిద్దుతూ, ఇతరులు పంపిన మార్పులను పరిశీలించి చేర్చుతూ, నిర్ణీత పద్ధతిలో కొత్త కూర్పులను ప్రజలకు అందించే బాధ్యత. ఈ బాధ్యత వహించే వ్యక్తిని నిర్వాహకుడు లేదా మెయింటెయినర్ అంటారు. సోర్సు కోడు, లైసెన్సు, సహాయ పత్రాలు, స్థాపనకు కావలసిన సూచనలు అన్నీ కలిపి ఒకే కట్టగా కట్టినదే ప్యాకేజీ. దీని నియమాలకు ముఖ్య ప్రయోజనాలు రెండు. మొదటిది, తనకు చేరినది అసలు ప్రతియేనని వాడుకరికి నమ్మకం కలిగించడం. రెండవది, నిర్వాహకుడు తప్పుకున్నా పని ఆగకుండా చూడడం.

నేపథ్యం

రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ ప్రాజెక్టును ప్రకటించాడు. 1985లో ఫ్రీ సాఫ్టువేర్ ఫౌండేషన్ ఏర్పడింది. స్వేచ్ఛా సాఫ్టువేరును ఎవరైనా వాడవచ్చు, చదివి మార్చవచ్చు, యథాతథంగా గాని మార్చి గాని పంచవచ్చు. ఇందులో స్వేచ్ఛ అన్నది హక్కుకు సంబంధించినది, వెలకు సంబంధించినది కాదు. ఎవరైనా మార్చగల వస్తువు కనుక ఏది అసలు ప్రతి, ఏది మార్చిన ప్రతి అన్న సంగతి స్పష్టంగా తెలియవలసి ఉంటుంది. అందుకై గ్నూ ప్రాజెక్టు తన నిర్వాహకుల కొరకు ఒక మార్గదర్శినిని, కోడు రచనా పద్ధతులపై మరొక పత్రాన్ని రూపొందించింది. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ 1997లో సామాజిక ఒప్పందాన్ని, స్వేచ్ఛా సాఫ్టువేరు మార్గదర్శకాలను ఆమోదించింది.

నిర్వాహకులు రెండు విధాలు. సాఫ్టువేరును రచించి విడుదల చేసేవారు మూల నిర్వాహకులు. ఆ విడుదలను తీసుకొని డెబియన్, ఫెడోరా వంటి పంపిణీలకు అనువుగా ప్యాకేజీ చేసేవారు పంపిణీ నిర్వాహకులు.

ప్యాకేజీలో ఉండవలసినవి

గ్నూ సంప్రదాయం ప్రకారం సోర్సు కట్టలో ఈ క్రింది పత్రాలు ఉంటాయి.

* రీడ్‌మీ – సాఫ్టువేరు పరిచయం.
* కాపీయింగ్ – లైసెన్సు పూర్తి పాఠం.
* ఇన్‌స్టాల్ – స్థాపించే విధానం.
* ఆథర్స్ – రచయితల పేర్లు.
* న్యూస్ – వాడుకరికి కనిపించే మార్పులు.
* ఛేంజ్‌లాగ్ – సోర్సు కోడులో జరిగిన మార్పుల వివరం.

చివరి రెండింటికీ భేదం ఉన్నది. న్యూస్ వాడుకరి కొరకు, ఛేంజ్‌లాగ్ రాబోయే నిర్వాహకుని కొరకు.

ఎవరు ఏ భాగం వ్రాశారో నమోదు చేయడం కూడా నిర్వాహకుని విధి. సుమారు 15 పంక్తులకు లోబడిన చిన్న మార్పు కాపీహక్కు దృష్ట్యా లెక్కకు రాదని గ్నూ మార్గదర్శిని చెబుతుంది. అంతకు మించిన భాగానికి, కాపీహక్కు ఫౌండేషన్ పేర ఉన్న ప్యాకేజీలలో, రచయిత నుండి వ్రాతపూర్వకమైన పత్రం తీసుకుంటారు.

కూర్పు సంఖ్య

ప్రతి విడుదలకూ వేరు సంఖ్య ఉండాలి. ఒకసారి ప్రకటించిన సంఖ్యతో మారిన ప్రతిని మరల ఉంచరాదు. చిన్న సవరణకైనా కొత్త సంఖ్య ఇవ్వాలి. లేనిచో ఒకే పేరుతో రెండు వేరు ప్రతులు చలామణి అవుతాయి. డెబియన్‌లో 1.2-3 అని ఉన్నట్లయితే 1.2 మూల నిర్వాహకుడు ఇచ్చిన సంఖ్య, 3 పంపిణీ నిర్వాహకుడు చేసిన సవరణల సంఖ్య.

విడుదల క్రమం

1. ముందుగా కొత్త సౌకర్యాలు చేర్చడం ఆపి, దోషాలను మాత్రమే సవరిస్తారు.
2. వాడుకరికి కనిపించే సందేశాలను స్థిరపరుస్తారు. అనువాదకులు తమ పని పూర్తిచేయడానికి ఈ వ్యవధి అవసరం.
3. ప్రయోగాత్మక విడుదల చేసి, వివిధ యంత్రాలపై పరీక్షిస్తారు.
4. సోర్సు కట్టను తయారుచేసి, వేరొక చోట విప్పి, అది మొదటి నుండి సక్రమంగా నిర్మితమవుతున్నదో లేదో చూస్తారు.
5. నిర్వాహకుడు తన గూఢలిపి తాళంతో డిజిటల్ సంతకం చేస్తాడు. కట్టలో ఒక్క అక్షరం మారినా సంతకం సరిపోలదు.
6. మార్పుల వివరాలతో ప్రకటన చేస్తారు.

డెబియన్‌లో కొత్త ప్యాకేజీ మొదట అస్థిర శాఖలోను, తరువాత పరీక్షా శాఖలోను ఉండి, చివరకు స్థిర విడుదలకు చేరుతుంది.

తెలుగులో

రెండవ మెట్టు తెలుగువారికి ముఖ్యమైనది. అనువాదం పూర్తయిన తరువాత మూల రచయిత ఒక ఆంగ్ల వాక్యాన్ని మార్చినట్లయితే పాత తెలుగు వాక్యం దానికి సరిపోదు. అనువాదకుడు మరల సరిచూచేవరకు ఆ చోట ఆంగ్లమే కనిపిస్తుంది. కనుక అనువాదం ఒకసారి చేసి వదిలివేయదగిన పని కాదు. హైదరాబాదు కేంద్రంగా గల స్వేచ్ఛ సంస్థ 2005లో తెలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌ను విడుదల చేసింది.

ఖతుల విషయమూ ఇంతే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన యూనికోడ్ ఖతులు గ్నూ సార్వజనిక లైసెన్సుతో లభించినందున వాటిని ఇతరులు డెబియన్‌లో ప్యాకేజీగా చేర్చగలిగారు. రెడ్‌హ్యాట్ సంస్థ విడుదల చేసిన లోహిత్ ఖతులలో తెలుగు ఖతి కూడా ఉన్నది. ఇవి 2011లో ఎస్ఐఎల్ ఓపెన్ ఫాంట్ లైసెన్సుకు మారాయి.

యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు కేటాయించబడినవి. వాటన్నింటినీ ఒకేసారి నింపలేదు. దంత్య చ, జ అక్షరాలైన ౘ, ౙ 2008లోను, ఴ అక్షరం 2014లోను, నకారపు పొల్లు 2021లోను చేరాయి. అంతకు పూర్వం తయారై, తరువాత నవీకరణ లేని ఖతిలో ఈ అక్షరాల స్థానంలో ఖాళీ గడి కనిపిస్తుంది. ఖతి చెడిపోలేదు, దానిని చూచేవారు లేరు. లైసెన్సు అనుమతించిన ఖతికైతే వేరొకరు ఆ అక్షరాలను చేర్చవచ్చు.

బాధ్యత అప్పగింత

నిర్వాహకులలో చాలామంది స్వచ్ఛందంగా పనిచేసేవారే. ఉద్యోగం, వయస్సు, అనారోగ్యం వంటి కారణాలతో తప్పుకోవడం సహజం. అటువంటప్పుడు మౌనంగా విడిచిపెట్టక ముందుగా తెలియజేయాలని గ్నూ, డెబియన్ రెండూ కోరతాయి. డెబియన్‌లో నిర్వాహకుడు లేని ప్యాకేజీని అనాథ ప్యాకేజీగా ప్రకటిస్తారు. దత్తత తీసుకొనేవారు దొరికేవరకు నాణ్యతా బృందం దానిని చూస్తుంది.

అప్పగింతలోని ప్రమాదాన్ని 2024లో ఎక్స్‌జెడ్ ఉదంతం తెలియజేసింది. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్ళను కుదించే సాఫ్టువేరు. చాలాకాలం ఒక్కరే ప్రధానంగా నిర్వహించిన ఈ ప్యాకేజీలో, జియా టాన్ అను పేరుతో ఒకరు రెండేళ్ళకు పైగా సహాయం చేసి, సహ నిర్వాహక హోదా పొంది, 5.6.0, 5.6.1 కూర్పులలో దొంగ ద్వారం అమర్చారు. దానిని నిర్మాణంలో చేర్చే కోడు బహిరంగ భాండాగారంలో లేదు, విడుదల కట్టలో మాత్రమే ఉన్నది. సంతకం సరైనదే, సంతకందారుడే నమ్మదగనివాడు. దూరపు యంత్రంలోకి ప్రవేశించడానికి అర సెకను ఆలస్యం ఎందుకవుతున్నదని శోధించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ దీనిని కనుగొని, మార్చి 29న వెల్లడించాడు. అప్పటికి అది డెబియన్ అస్థిర, పరీక్షా శాఖలకు చేరినది గాని స్థిర విడుదలకు చేరలేదు.

విడుదల కట్టను భాండాగారంతో పోల్చి చూడడం, ఒకే సోర్సు నుండి ఎవరు నిర్మించినా ఒకే ఫలితం వచ్చేట్లు చేయడం, ఒక్కరిపైనే భారం పడకుండా ఒకరికంటె ఎక్కువమంది నిర్వాహకులను ఉంచడం ఇటువంటి ప్రమాదాలకు నివారణోపాయాలు.