వంటింటికీ ఓ వాటా

హాల్లో ఖరీదైన స్టీరియో ఉంటుంది. మనం ఎక్కువసేపు ఉండే వంటింట్లోకి మాత్రం పాట సన్నగా, గోడ చాటునుంచి వినిపిస్తుంది. ఇప్పటి రిసీవర్లు చాలావాటిలో ‘జోన్ 2’ ఉంటోంది. అంటే హాల్లో ఒకటి మోగుతుంటే, రెండో గదిలో ఇంకోటి వినొచ్చు. మా వంటింట్లో అలాగే రెండు చిన్న స్పీకర్లు పెట్టించాను. పాట వచ్చింది గానీ, మృదంగం తొప్పి నాదం రాలేదు.

దానికి సబ్‌వూఫర్ కావాలి. ‘‘వంటింటికి అదెందుకోయ్?’’ అన్నారు మావారు. ‘‘హాలుకెందుకో, ఇక్కడికీ అందుకే’’ అన్నాను.

చిక్కేమిటంటే, రిసీవర్ వెనకుండే సబ్‌వూఫర్ ఔట్‌పుట్ సాధారణంగా హాలుకే పనిచేస్తుంది. అందుకని సొంత యాంప్లిఫయర్‌తో పాటు ‘స్పీకర్ లెవెల్’ ఇన్‌పుట్ ఉన్న సబ్‌వూఫర్ ఎంచుకోండి. ముందు ప్లగ్గులన్నీ తీసేయండి. జోన్ 2 స్పీకర్ల వైర్లు బిగించిన చోటినుంచే మరో జత వైర్లు సబ్‌వూఫర్‌కి లాగండి. ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే. అది తీసుకునే కరెంటు బహు స్వల్పం కాబట్టి రిసీవర్‌కి భారం కాదు. అయినా మాన్యువల్ ఓసారి చూసుకోండి. క్రాసోవర్ 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి, చిన్న స్పీకర్లయితే కాస్త పెంచండి. గది మూలన పెడితే మోత ఎక్కువవుతుంది. పొయ్యికీ, తడికీ దూరంగా ఉంచండి.

జాకెట్టు కుట్టడం వచ్చినవాళ్లకి ఇదేం బ్రహ్మవిద్య కాదు. ఇంట్లో పనికే కాదు, పాటకీ మనకో వాటా ఉండాలి కదూ!