బాలింత తిండి – బిడ్డకందే కొవ్వు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో బాలింతకు పథ్యము పెట్టుట ఆనవాయితీ. పాత బియ్యపు అన్నము, కారప్పొడి, కొంచెము నెయ్యి తప్ప తక్కినవన్నియు కొన్ని ఇండ్లలో మాన్పింతురు. పప్పు, కూరలు, చేపలు తిన్నచో బిడ్డకు పడవని వారి భయము. సోదరీమణులారా! తల్లి తిన్నది పాలలోనికి ఎట్లు చేరునో తెలిసికొన్నచో ఈ భయము తీరును.

గేదెకు పీచుమేత తగ్గినచో పాలలో వెన్న తగ్గునని మీరెరుగుదురు. తల్లి సంగతి వేరు. 100 మిల్లీలీటర్ల చనుబాలలో సుమారు 3 నుండి 4 గ్రాముల కొవ్వుండును. తిండి మారినను ఈ మొత్తము అంతగా మారదు. అందులో చాల భాగము ఆమె ఒంటి నిల్వలనుండియే వచ్చును. కావున నెయ్యి ఎక్కువ వడ్డించినంత మాత్రాన పాలు చిక్కబడవు. బిడ్డ త్రాగునపుడు మొదట వచ్చు పాలు పలుచన, చివర వచ్చునవి చిక్కన. అందుచే ఒక రొమ్ము పూర్తిగా త్రాగిన పిమ్మటనే రెండవది పట్టవలెను.

తిండిని బట్టి మారునది కొవ్వు రకము. తల్లి తిన్న నూనెలలోని కొవ్వు ఆమ్లములు కొలది గంటలలోనే పాలలో కనబడును. నూనె మాని వట్టి అన్నమే తిన్నచో, రొమ్ము ఆ పిండిపదార్థమునుండి లారిక్, మిరిస్టిక్ ఆమ్లములను ఎక్కువగా తయారుచేయును. ట్రాన్స్ కొవ్వులు తిన్నచో అవియు పాలలోనికి దిగును.

బిడ్డ మెదడునకు, కంటిచూపునకు కావలసిన డి.హెచ్.ఎ. అను కొవ్వు ముఖ్యముగా చేపలలో గలదు. నిజాంపట్నము, సూర్యలంక తీరములకు దగ్గరివారు కవళ్ళు, కానాగంతలు వంటి చిన్న చేపలను వారమునకు రెండు పర్యాయములు తినవచ్చును. పాలసొర తిన్నచో పాలు పడునని మన తీరమున చిరకాల నమ్మకము. కాని సొర ఇతర చేపలను తిని బ్రతుకునది గనుక దాని మాంసమున పాదరసము ఎక్కువగా చేరును. బాలింతకు అది తగదు.

చేపలు తిననివారు గ్రుడ్డు తినవచ్చును. అవిసె గింజలు, ఆవనూనె మంచివే. అయితే వాటివలన పాలలో డి.హెచ్.ఎ. పెద్దగా పెరుగదు. తోటకూర, మునగాకులను కొంచెము నూనెతో వండి తిన్నచో తల్లికి విటమిన్ ఎ అందును. పాలలోని కొవ్వుతోబాటు అది బిడ్డకును చేరును. మాగాణిలో వరి తర్వాత పండు మినుములు, పెసలు, బాపట్ల ఇసుక నేలల వేరుశనగ మాంసకృత్తులనిచ్చును.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణముల ప్రకారము, మొదటి 6 నెలలు పాలిచ్చు తల్లికి రోజుకు 600 కేలరీలు అదనముగా కావలెను. తిండి తగ్గించినను బిడ్డకు పాలు వచ్చుచునే యుండును. కరగిపోవునది తల్లి ఒళ్ళు. కావున పథ్యము పేరిట ఆమెను మాడ్చకుడు. ఇంటిలో వండినదే, ఇంకొక పిడికెడు ఎక్కువగా, ఆమెకు ముందు వడ్డింపుడు.