మూడు నూనెల బండి

పలాస నుండి వజ్రపుకొత్తూరు మీదుగా సముద్రమునకు పోవు దారిలో గాని, టెక్కలి నుండి నౌపడ ఉప్పుమళ్ళను దాటి భావనపాడు వైపు దిగు దారిలో గాని, ప్రొద్దుగుంకిన పిమ్మట దూరమున నొక బండి చప్పుడు వినవచ్చినచో, అది బుల్లెట్టో కాదో చెప్పుటకు ఈ ఉద్దానపు సీమ పిల్లలకు కన్నులతో పని లేదు. సైన్యమున చేరి, ఏండ్ల తరబడి సరిహద్దులలో పనిచేసి, పింఛనుతో జీడితోటల నడుమకు మరలివచ్చినవారికి ఈ సీమలో కొదువ లేదు. పటాలమున కండ్లజూచిన బండినే తమ ముంగిటను నిలుపుకొనవలెనన్న కోరిక వారికి కలుగుట సహజమే. కొత్త నమూనాలు ఎన్ని వచ్చినను, పోత ఇనుప సిలిండరు గల పాత బుల్లెట్లు నేటికిని అక్కడక్కడ కొబ్బరిచెట్ల నీడను కనబడుచునే యున్నవి.

అట్టి పాత బుల్లెట్టునకు నూనెలు మూడు. ఇంజనునకు ఒకటి, గేరుబాక్సునకు ఒకటి. ఈ రెండును ఎల్లరకు జ్ఞాపకముండును. మూడవది, ఎడమ ప్రక్కన, కాలు మోపు కడ్డీకి లోపలగా, కోలగా మెరయు అల్యూమినియపు మూత వెనుక దాగియున్న అరలీటరు లోపు నూనె. ఆ పెట్టెనే ప్రైమరీ చైన్ కేసు అందురు. ఇంజను శక్తిని క్లచ్చికి చేర్చు గొలుసు ఆ నూనెలో మునిగి తేలుచు తిరుగును. వెనుక చక్రమునకు పోవు గొలుసు వేరు. అది బయట నుండి దుమ్ము తినుచు అందరి కంటను పడును, ఎండినపుడు కిర్రుమని తన బాధ తానే చెప్పుకొనును. లోపలి గొలుసునకు ఆ భాగ్యము లేదు.

ఒకే యంత్రమున మూడు నూనెలు మూడు గదులలో ఏల యుండవలెను? మోటారు సైకిలు పుట్టిన కాలమున ఇంజను చేయువారు వేరు, గేరుబాక్సు చేయువారు వేరు. బుల్లెట్టును చేసిన రాయల్ ఎన్‌ఫీల్డు వారికి గేరుబాక్సులు బర్మింగ్‌హామునకు చెందిన ఆల్బియన్ సంస్థ నుండి వచ్చుచుండెడివి. ఒకరు చేసిన యంత్రమునకును మరియొకరు చేసిన యంత్రమునకును మధ్య శక్తిని మోయువాడొకడు కావలెను గదా. ఇంజను నుండి చక్రమునకు శక్తిని మోయు పని తొలి బండ్లలో తోలుపట్టా చేసినది. వాన కురిసిన నాడు అది జారిపోవుచుండగా, క్రమముగా గొలుసు దాని స్థానమున నిలిచినది.

ఆ గొలుసు చరిత్ర మోటారు సైకిలు కంటె పాతది. స్విట్జర్లాండున పుట్టి మాంచెస్టరులో స్థిరపడిన హాన్స్ రెనాల్డ్ అను ఇంజనీరు, బట్టల మిల్లులకు గొలుసులు చేయు చిన్న కర్మాగారము నొకదానిని 1879లో కొని, మరుసటి ఏటనే బుష్షు, రోలరు గల గొలుసును కనిపెట్టెను. అంతకు పూర్వపు గొలుసులలో లంకెలను కలుపు పిన్ను, ప్రక్కరేకుల సన్నని అంచుల మీదనే రాపిడి పడుచుండెను. అంత కొద్దిచోట అంత బరువు పడుటచే అది త్వరగా కోసుకొనిపోయెడిది. రెనాల్డ్ ఆ పిన్ను చుట్టును గొట్టము వంటి బుష్షు నొకదానిని అమర్చి, బరువును దాని పొడవంతటికిని పంచి, బుష్షు మీద స్వేచ్ఛగా దొరలు రోలరును తొడిగి, పళ్ళచక్రపు పన్నునకు రాపిడి బదులు దొరలుటను అలవరచెను. చూచుటకు ఇంతే. కాని పిన్నునకును బుష్షునకును మధ్య నున్న వెండ్రుకవాసి సందున నూనెపొర నిలిచియున్నంత కాలమే ఈ ఏర్పాటు పనిచేయును. ఆ పొర తొలగిన నాడు రెనాల్డ్ బుద్ధిబలమంతయు వ్యర్థము.

సూదుల తయారీకి పేరుపడిన రెడ్డిచ్ పట్టణమున రాయల్ ఎన్‌ఫీల్డు వారు 1901లో తొలి మోటారు సైకిలు చేసిరి. బుల్లెట్టు అను పేరు 1930ల ఆరంభమున వచ్చినది. మనమెరిగిన రూపు 1949 నాటిది. 1950లలో భారత సైన్యము ఆ బండిని కోరగా, 1955లో మద్రాస్ మోటార్స్ వారితో కూడి ఎన్‌ఫీల్డ్ ఇండియా ఏర్పడి, తిరువొత్తియూరులో, తొలుత ఇంగ్లండు నుండి వచ్చిన భాగములను కూర్చుచు, కొన్ని సంవత్సరములకు అన్నిటిని ఇచ్చటనే చేయసాగెను. 1970 నాటికి ఇంగ్లండులో ఆ బండ్ల తయారీ ఆగిపోయినది. పుట్టింట దీపమారినను మెట్టినింట వంశము నిలిచినది.

ఇక ఆ పెట్టెలోనికి పోదము. ఇంజను కొనను 25 పండ్ల చక్రము, క్లచ్చికి 56 పండ్ల చక్రము. రెంటిని చుట్టి జంట వరుసల గొలుసు, లంకెకు లంకెకు మధ్య దూరము అంగుళములో 3/8 వంతు. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నపుడు ఆ గొలుసు సెకనుకు దాదాపు 12 మీటర్లు, అనగా గంటకు 40 కిలోమీటర్లకు పైబడిన వేగమున పరుగెత్తును. ప్రతి లంకెయు ఒక చుట్టులో నాలుగు మార్లు కీలు కదపవలెను: చక్రము నెక్కునపుడొకసారి, దిగునపుడొకసారి, అట్లే రెండవ చక్రమునందు. నూనె తగ్గినచో ప్రతి కీలు నందును కొద్ది కొద్దిగా అరుగుదల కలిగి, అవన్నియు కలిసి గొలుసు పొడవై, మూతకు తగిలి గలగలలాడును. కొన్ని ఇతర బండ్లలో గేరుబాక్సును వెనుకకు జరిపి గొలుసును బిగింతురు. బుల్లెట్టున గేరుబాక్సు ఇంజను వెన్నుకే బిగించియుండుటచే ఆ వీలు లేక, గొలుసు క్రింద ఒక జారుడుబద్దెను పెట్టి మరతో పైకి నెట్టుదురు.

అదే నూనెలో క్లచ్చి ప్లేట్లును మునిగియుండుట ఈ కథలోని చిక్కు. గొలుసునకు జారుడు కావలెను, క్లచ్చికి పట్టు కావలెను. ఒక్క నూనె ఇద్దరు యజమానులకు పరస్పర విరుద్ధమైన సేవలు చేయవలెను. కారు ఇంజనుల కొరకు రాపిడి తగ్గించు మందులు కలిపిన ఖరీదైన నూనెను ప్రేమతో పోసినవారి బండి, మందస కొండదారిలో ఇంజను రంకెలు వేయుచుండగా చక్రము మాత్రము కదలక మొరాయించును. సాధారణముగా ఇంజనునకు పోయు 20డబ్ల్యు40 నూనెయే ఇచ్చటను చాలును. కొలత మించినను మేలు లేదు. ప్లేట్లు నూనెలో ఈదులాడి, క్లచ్చి సరిగా విడక, గేరు వేయునపుడు కరకరమనును.

ఎంత పోయవలెనో సీసా మీద చూడ నక్కరలేదు. ఆ సంగతి పెట్టెయే చెప్పును. మూత క్రిందిభాగమున ఒక చిన్న స్క్రూ కలదు. దానిని విప్పినపుడు నూనె సన్నగా కారి నిలిచినచో సరిపోయినట్లు. ఏమియు రాకున్నచో, పై రంధ్రము నుండి కొద్దికొద్దిగా పోయుచు, క్రింది రంధ్రమున నూనె తొంగిచూచువరకు ఆగి, ఎక్కువైనది తనంతట కారిపోనిచ్చి, వాషరుతో స్క్రూ బిగింపవలెను. రూపకర్త కొలబద్దను వాడువాని చేతికీయక యంత్రము గోడయందే తొలిచి పెట్టినాడు. ఈ బండియందు నాకు మిక్కిలి నచ్చిన యుక్తి యిది. అయితే ఈ న్యాయము బండి సమతలమున నిటారుగా నిలిచినపుడే చెల్లును. ఉద్దానపు ఇసుకలో స్టాండు ఒక ప్రక్కకు దిగబడును. బండి ఎడమకు ఒరిగినచో నూనె తక్కువై యుండియు కారి మోసగించును. కుడికి ఒరిగినచో ఎంత పోసినను తనివి తీరదు. పెట్టె పొడవైనది గనుక ముందువెనుకల వాలు చేయు మోసము మరింత పెద్దది. "ఇసకలో పెట్టీసి సూస్తే ఏటి తెలుస్తాది బాబూ, గచ్చు మీదికి తెండి" అని కాశీబుగ్గ మెకానిక్కు ఒకడు విసుగుకొనుట వింటిని. ద్రవస్థితి శాస్త్రమున అంతకు మించి చెప్పవలసినది లేదు.

సముద్రపు గాలి ఆ చిన్న స్క్రూను సైతము విడువదు. ఇనుము, అల్యూమినియము ఒకదానినొకటి తాకియున్న చోట ఉప్పుచెమ్మ చేరినచో, అచ్చట ఒక సూక్ష్మమైన విద్యుత్ఘటము ఏర్పడి అల్యూమినియము తెల్లని పొడిగా చితుకును, స్క్రూ పట్టుకొనిపోవును. బలము చూపినవాడు స్క్రూ తలగాడిని చెరుపుకొనును. ముందునాటి రాత్రియే రెండు చుక్కల పలుచని నూనె వేసి యుంచుట వివేకము. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున తీరము దాటి కొబ్బరిని, జీడిని నేలకూల్చినది. అట్టి తుఫాను నీటిలో మునిగిన బండిని కిక్కు కొట్టుటకు ముందు ఈ స్క్రూ విప్పి చూడవలెను. నూనె పాలెక్కువైన టీ వలె తెల్లబారియున్నచో నీరు చేరినట్లే. దానిని పూర్తిగా తీసివేయక తప్పదు.

తీయుట తేలిక కాదు. ఈ పాత బండ్లలో బ్రేకు ఎడమ కాలికిని, గేరు కుడి కాలికిని ఉండును. కాలు మోపు కడ్డీని, బ్రేకు పెడలును తొలగించి గాని మూతను చేరలేము. అంత పెద్ద మూతను పట్టియుంచునది నడుమ నున్న ఒకే ఒక నట్టు. ఇంజనీరునకు అది సొగసు, మెకానిక్కునకు తలనొప్పి. చుట్టునున్న రబ్బరు సీలు ఒకచోట నలిగినను, నట్టును ఎంత బిగించినను, నూనె చుక్క చుక్కగా జారును. అతిగా బిగించినచో మూతయే వంగును. లోపల ఆల్టర్నేటరు అయస్కాంతమునకు అంటిన నల్లని ఇనుపపొడి గొలుసు వయస్సును చెప్పును. దానిని గుడ్డతో తుడిచివేయవలెను. ఉద్దానపు ఇసుకనేలలో పోసినది బావికి చేరుటకు ఎంతో కాలము పట్టదు గనుక, తీసిన నూనెను డబ్బాలో పట్టి మెకానిక్కునకే అప్పగింపవలెను. ఒక్కొక్కప్పుడు ఎవరును పోయకయే కొలత పెరుగుచుండును. క్రాంకుషాఫ్టు వద్ద సీలు పాడై ఇంజను నూనె ఇటు వలసవచ్చుచున్నదని అర్థము.

2008 మొదలుకొని వచ్చిన ఇంజనులలో గేరుబాక్సును, గొలుసుపెట్టెను, ఇంజనును ఒకే కూర్పున చేర్చి, మూడు నూనెలను ఒకటి గావించిరి; అద్దపు కిటికీలో కొలత కనబడును. సౌకర్యమే. అయినను పాత అమరికను వట్టి మోటుదనమని త్రోసివేయుటకు వీలులేదు: క్లచ్చి ప్లేట్ల మసియు, గొలుసు రాల్చు ఇనుపపొడియు ఆ గది దాటి ఇంజను బేరింగులకు పోవు త్రోవ అందు లేకుండెను. ఇప్పుడవి ఉమ్మడి నూనెలోనే తిరుగును. ఆ భారమంతయు వడపోత మీద పడినది గనుక, కొత్త బండి గలవారు నూనె మార్చునపుడు ఫిల్టరును వాయిదా వేయరాదు.